విజయనగర లాయంలో దాణా వేళ

విజయనగర రాయలు ఏటా ఓర్ముజ్ గుర్రాలు, దేశవాళీ గుర్రాలు కలిపి 13 వేలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ 1535 ప్రాంతంలో రాశాడు. అంతకుముందు సాళువ నరసింహరాయలు వెయ్యి వరహాలకు మూడు చొప్పున కొన్నాడట. దారిలో సముద్రం మీద చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానితో సమానంగా సొమ్ము ఇచ్చేవాడట. గుర్రాల బేరం గురించి మన చరిత్ర పుస్తకాలు ఇలా బోలెడు చెబుతాయి. మరి రేవు దాటి వచ్చిన గుర్రాన్ని బతికించిందెవరు? అదే నూనిజ్ మరోచోట రాసిన లెక్క చూడండి: గుర్రాలను సాకడానికి 1600 మంది, తర్ఫీదు ఇవ్వడానికి 300 మంది. నాకు ఆ 13 వేల కన్నా ఈ లెక్కే ముఖ్యం.

కొనడం సులువు, నిలుపుకోవడమే కష్టం. 13వ శతాబ్దం చివర పాండ్య దేశం చూసిన మార్కో పోలో, అక్కడి రాజు ఏటా 2 వేలకు పైగా గుర్రాలు తెప్పించుకుంటే ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగిలేవి కావని రాశాడు. సాకడం తెలియకపోవడం, మాంసం కలిపిన అన్నం మేపడం అందుకు కారణాలన్నాడు. ఆయన కొంత పెంచి చెప్పి ఉంటాడు. శాలిహోత్రుడి పేర అశ్వవైద్యం వర్ధిల్లిన దేశమిది. విరాటుడి కొలువులో నకులుడు చేరింది గుర్రాల సంరక్షణకే. కాకతీయుల కాలపు శాసనాల్లో అశ్వదళ నాయకులకు ‘సాహిణి’ అనే బిరుదు కనిపిస్తుంది. మనుమంచి భట్టు తెలుగులోనే అశ్వశాస్త్రం రాశాడు. అయినా అరేబియా పొడి నేల మీద పెరిగిన జంతువును మన వానకాలంలో కాపాడటానికి గ్రంథం ఒక్కటే చాలదు, రోజూ పొద్దువాలే వేళ చేసే చాకిరీ కావాలి.

ఆ చాకిరీ ఏ కాలంలోనైనా ఒకటే. జీను దించగానే వీపు తడిమి చూడాలి. ఒరిపిడి తగిలిన చోట వేలు పడితే చర్మం వణుకుతుంది. చెమట ఆరేదాకా నెమ్మదిగా నడిపించి, గోరపంతో దుమ్ము దులిపి, మాలీసు చేయాలి. తర్వాత ఒక్కొక్క కాలూ ఎత్తి గిట్ట అడుగున చూడాలి. అక్కడ మెత్తని ముక్కోణపు భాగానికి రెండు పక్కలా గాడులుంటాయి. బురద, పేడ, రాళ్లు చేరేది వాటిలోనే. వానల్లో రెండు రోజులు పట్టించుకోకపోతే అది కుళ్లి, కంపు కొట్టి, గుర్రం కుంటుతుంది. నీళ్లు ముందు, దాణా తర్వాత. గుర్రానికి వాంతి చేసుకునే వీలు లేదు. తిన్నది పడకపోతే కడుపునొప్పితో నేల మీద పడి పొర్లుతుంది, తెల్లారేలోగా ప్రాణమే పోవచ్చు. అందుకే దక్కన్‌లో దాణాగా పెట్టే ఉలవలను మెత్తగా ఉడికించి, చల్లార్చి, గుగ్గిళ్లుగా పెట్టేవారు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెత ఈ ఖర్చు భరించినవాళ్ల నోట పుట్టిందే అయి ఉంటుంది.

ఆ ఖర్చు లెక్క ఒకటి మనకు దొరుకుతుంది. 1470 ప్రాంతంలో అఫనాసీ నికితిన్ అనే రష్యా వర్తకుడు ఒక్కటంటే ఒక్క మగగుర్రాన్ని సముద్రం దాటించి బహమనీ రాజ్యానికి తెచ్చాడు. దాని మీద వంద రూబుళ్లు పెట్టాడు. వానకాలంలో జున్నర్‌లో ఉండిపోయాడు. అక్కడి ఖాను గుర్రాన్ని లాక్కుంటే నానా తంటాలు పడి విడిపించుకున్నాడు. ఇక్కడ గుర్రాలకు పప్పుగింజలు పెడతారనీ, చక్కెర, నూనె వేసి కిచిడీ వండి పెడతారనీ శ్రద్ధగా రాసుకున్నాడు. చివరికి బీదర్‌లో అమ్మాడు. ఏడాదిపాటు మేపినందుకు 68 ఫనాలు అయ్యాయని కూడా రాశాడు. బహమనీ సుల్తానుల వైభవం గురించి ఆయన రాసిన పేజీలన్నిటి కన్నా నాకు ఈ ఒక్క పద్దే ఇష్టం. ఒంటరి మనిషి పరదేశంలో రోజూ సాయంత్రం మేత వెతుక్కున్న కష్టం అందులో ఉంది.

హంపిలో హజార రామాలయం ప్రాకారం వెలుపలి గోడ మీద ఏనుగుల వరుస పైన గుర్రాల వరుస చెక్కి ఉంటుంది. చాలామంది గజశాల చూసి వెళ్లిపోతారు గాని, ఈ గోడ దగ్గర కాసేపు ఆగాలి. మహర్నవమి రోజుల్లో పట్టు కుచ్చులు కట్టి రాయల ముందుకు నడిపించిన గుర్రాలను పోర్చుగీసు యాత్రికుడు పాయెష్ వర్ణించాడు. ఆ అలంకారం వెనుక ఎవరి రెక్కల కష్టం ఉందో ఆయన చెప్పలేదు. నూనిజ్ రాతల్లో లాయం లోపలి కట్టుబాటు కాస్త తెలుస్తుంది. అంగరక్షక దళంలోని ఆరు వేల మందికి రాయలు గుర్రాన్ని ఉచితంగా ఇచ్చి, నెలనెలా దాణా కూడా ఇచ్చేవాడు. ప్రతి గుర్రానికీ రాజముద్ర ఉండేది. గుర్రం చస్తే ముద్ర ఉన్న మేరకు తోలు కోసి అశ్వశాల అధికారికి అప్పగించాలి. అలా అప్పగించినవాడికే మరో గుర్రం.