సభామండపం నుంచి చేలగట్టుకు

1945 అక్టోబరులో హైదరాబాదులో జరిగిన ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభకు నవలాకారుడు కృషన్ చందర్ బొంబాయి నుంచి రైలులో వచ్చాడు. ఆ యాత్రానుభవమే 'పౌదే' అనే రిపోర్టాజ్. రైలుపెట్టె, సభామండపం, తోటి రచయితలు ప్రధానంగా అందులోని ప్రపంచం. కాని నిజాం సంస్థానంలోని పల్లెలు అప్పటికే రగులుతున్నాయి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు; సాయుధపోరాటం 1951 దాకా సాగింది. తర్వాత 'జబ్ ఖేత్ జాగే' నవలలో అదే రచయిత, ఉరికంబమెక్కనున్న రైతు యువకుడు రాఘవరావు కళ్లతో తెలంగాణాను చూశాడు. 1979 నాటి 'మాభూమి' చిత్రానికి ఆ నవలే ఆధారం. ప్రయాణించినంత మాత్రాన ప్రజలు కనబడరు. వారి పక్షాన నిలిచినప్పుడే కనబడతారు. మాదాపూరులో 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్‌ను వర్ణించే నేటి రచయిత కూడా, ఈ నేల ఎవరి చేతుల నుంచి ఎవరి చేతుల్లోకి పోయిందో అడగక తప్పదు.