పునర్నిర్మాణ కాలమున మిసిసిపి గవర్నర్లకు అందిన ఉద్యోగ విజ్ఞాపనలు

అమెరికా అంతర్యుద్ధము 1865లో ముగిసిన పిదప, ఓడిన దక్షిణ రాష్ట్రములను మరల సమాఖ్యలో చేర్చుకొనుటకు జరిగిన ప్రయత్నమును చరిత్రకారులు పునర్నిర్మాణమందురు. ఆ కాలమున మిసిసిపి గవర్నర్లకు వచ్చిన లేఖలలో స్థానికోద్యోగములను గూర్చినవి అనేకము. ఒకరిని నియమింపుమనియు, వేరొకరిని తొలగింపుమనియు కోరు ఈ లేఖలు పదవీకాంక్షకు నిదర్శనములుగా మాత్రమే తోచవచ్చును. కాని ఆ పదవులకు గల అధికారమెట్టిదో పరిశీలించినచో ఈ అభిప్రాయము నిలువదు.

1865 నవంబరులో మిసిసిపి శాసనసభ ఒక చట్టము చేసెను. పదునెనిమిదేండ్ల లోపు నల్లజాతి బాలబాలికలలో అనాథలను, తలిదండ్రులు పోషింపజాలని వారిని గుర్తించి న్యాయస్థానమునకు తెలుపుట షెరీఫులకు, స్థానిక న్యాయాధికారులకు విధియయ్యెను. న్యాయస్థానము ఆ పిల్లలను పని నేర్పు నెపమున యజమానుల కప్పగించును. అందును పూర్వపు బానిస యజమానికే ప్రాధాన్యము. దాస్యవిముక్తి పొందిన తల్లికి తన బిడ్డ దక్కుట స్థానికోద్యోగి నివేదికపై ఆధారపడెనన్నమాట. కావున ఆ పదవిలో ఎవరుండవలెనను ప్రశ్న స్వల్పమైనది కాదు.

1869 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెసు, తిరుగుబాటుకు తోడ్పడలేదని ప్రమాణము చేయజాలని ఉద్యోగులను మిసిసిపి మున్నగు రాష్ట్రములలో తొలగింపుమని తీర్మానించెను. మిసిసిపి తాత్కాలిక గవర్నరగు అడెల్బర్ట్ ఏమ్స్ ఆ మార్చిలో సైనిక మండలాధిపతియు కాగా, ఖాళీలను నింపు అధికారమంతయు ఆయన చేతికి వచ్చెను. నాచెజ్ నగరపు రిపబ్లికన్లు తమ సిఫారసులను జాన్ ఆర్. లించ్ ద్వారా రాజధానియగు జాక్సనుకు పంపిరి. లించ్ 1847లో బానిసగా జన్మించినవాడు. తాను కోరకుండగనే స్థానిక న్యాయాధికారిగా నియమితుడయ్యెనని అతడు 1913లో ప్రకటించిన గ్రంథమున తెలిపెను. ఆ పదవి స్వీకరించుటకు పూచీకత్తు కావలసివచ్చెను. ఆస్తిగల నల్లవారే అతనికి పూచీపడిరి. 1873 నాటికి అతడు అమెరికా కాంగ్రెసు సభ్యుడయ్యెను.

అయితే గవర్నరు కలముతో లభించిన అధికారమునకు గవర్నరు బలమే రక్ష. ఎన్నికైన వారికిని ఈ దుర్బలత తప్పలేదు. 1874 డిసెంబరులో వారెన్ కౌంటీ షెరీఫగు పీటర్ క్రాస్బీ అను నల్లజాతీయుని చేత సాయుధులు బలవంతముగ రాజీనామా చేయించిరి. అనంతర సంఘర్షణమున విక్స్‌బర్గు చెంత పలువురు నల్లవారు హతులైరి. 1875 ఎన్నికల వేళ ఏమ్స్ కందిన లేఖలు పదవులను గాక ప్రాణరక్షణను అర్థించినవి. ఆయన కేంద్ర సైన్యమును కోరెను; అది రాలేదు. ప్రతిపక్షము శాసనసభను గెలిచి అభియోగము మోపగా, 1876 మార్చిలో ఆయన పదవి వీడెను.

ఈ లేఖలను వరుసగా చదువువారికి ఒక విషయము స్పష్టమగును. విముక్తులైన జనులు స్వాతంత్ర్యమును రాజ్యాంగ సవరణలలో మాత్రమే గాక, తమ కౌంటీ న్యాయపీఠముపై కూర్చున్న వ్యక్తియందును చూచిరి. వారి అంచనా సరియైనదనుటకు, ఆ పీఠములను తిరిగి చేజిక్కించుకొనుటకు ప్రత్యర్థులు చేసిన హింసయే సాక్ష్యము.