హోయిచి చెవులు

దయ్యముల కథలు లేని దేశము లేదు. చీకటి పడిన పిమ్మట అరుగులపై కూర్చుండి పెద్దలు చెప్పిన కొరివిదయ్యముల కథలు విని, లోపలికి పోవుటకు భయపడిన బాల్యము మన గోదావరి తీరమున పెక్కుమందికి కలదు. జపానువారు ఇట్టి వింతకథలను క్వైదాన్ అందురు. ఈ పేరుతోనే మసాకి కొబయాషి అను దర్శకుడు 1964లో ఒక చలనచిత్రమును తీసెను. 1965లో అది కాన్ చలనచిత్రోత్సవమున న్యాయనిర్ణేతల ప్రత్యేక బహుమతి నందుకొనెను. అరువది యేండ్లు గడచినను ఆ చిత్రమును ఇండ్లలో వేసికొని చూచువారు, చూచి వాదించుకొనువారు లోకమంతట నున్నారు. గౌతమీ తీరమున, రావులపాలెమునుండి వంతెన దాటగనే తగులు జొన్నాడలో మేమును కొందరము అట్టివారమే. ఆ చిత్రమును గూర్చియు, దానిని గూర్చిన మా మాటలు మమ్ము తిరిగి తెలుగు దేశమునకే తెచ్చి చేర్చిన తీరును గూర్చియు శ్రోతలకు మనవి చేయుదుము.

మొదట యంత్రము సంగతి. ఇంటిలో చలనచిత్రము చూచుట యనునది జపాను యంత్రములతోడనే లోకమున వ్యాపించెను. సోనీ సంస్థ 1975లో బీటామాక్స్ పద్ధతిని, జె.వి.సి. సంస్థ 1976లో వి.హెచ్.ఎస్. పద్ధతిని వెలువరించినవి. మన దేశమున 1982లో ఆసియా క్రీడల సందర్భమున రంగుల టెలివిజను వచ్చిన పిమ్మట వీడియోల వాడుక పట్టణములనుండి పల్లెలకు ప్రాకెను. ఆ దశకమున కోనసీమలో పండుగకో పెండ్లికో డెక్కును, టీవీని అద్దెకు తెచ్చి, వాకిట పెట్టి, తెల్లవారులు రెండు మూడు చిత్రములు వరుసగా వేయుట పరిపాటి. ఆ డెక్కులలో పెక్కు జపానులో తయారైనవే. వానిలో త్రిప్పిన కథలు మాత్రము మన తెలుగు కథలు, హిందీ కథలు. జపాను యంత్రము మన ఊరికి వచ్చిన ఎన్నో యేండ్లకు గాని జపాను కథ రాలేదు.

ఆ క్యాసెట్ల వలన మన చిత్రపరిశ్రమకు చేకూరిన ఫలమొకటి చెప్పవలెను. హైదరాబాదులో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చు దుకాణము నడపిన రాంగోపాల్ వర్మ 1989లో శివ చిత్రముతో దర్శకుడయ్యెను. 1992లో రాత్రి అను భయానక చిత్రమును తీసెను. సినిమాహాలులో ఒకసారి చూచి మరచు దృశ్యమును ఇంటిలో పదిసారులు చూచి పరిశీలించు అవకాశము ఆ తరమునకు క్యాసెట్టు వలననే లభించెను.

ఇక చిత్రమునకు వత్తము. క్వైదాన్ చిత్రమునకు మూలము 1904లో వెలువడిన అదే పేరు గల గ్రంథమును, ఆ గ్రంథకర్త తక్కిన రచనలును. ఆ రచయిత లఫ్కాడియో హెర్న్ గ్రీసు దేశపు ద్వీపమున 1850లో జన్మించిన వాడు. తండ్రి ఐర్లండు వాడు, తల్లి గ్రీకు వనిత. చిన్నతనముననే అతనికి ఒక కన్ను పోయినది. 1890లో జపాను చేరి, అచటి సెత్సు అను స్త్రీని వివాహమాడి, కొయిజుమి యకుమో అను పేరుతో 1896లో ఆ దేశపు పౌరుడయ్యెను. భార్య పాతకథలను సేకరించి రాత్రివేళ అతనికి వినిపించెడిది. పుస్తకము చూచి చదువవద్దని, నీ మాటలలో చెప్పుమని అతడు కోరెడివాడు. కావున ఆ గ్రంథము అచ్చుటకు ముందు ఒక ఇల్లాలి నోటినుండి వెడలిన కథ. చెవితో విన్నది కాగితముపైకి, కాగితమునుండి తెరపైకి, తెరనుండి క్యాసెట్టులోనికి ప్రయాణము చేసి, తుదకు మరల ఇంటివారి సంభాషణలోనికి వచ్చినది.

చిత్రమున నాలుగు కథలున్నవి. నల్లని కురులు, హిమకాంత, చెవులు లేని హోయిచి, టీ గిన్నెలో అనునవి. కొబయాషి విశాలమైన విమానపు కొట్టమున ఆకాశమునే చిత్రలేఖనముగా వ్రాయించి, ఆ రంగుల నింగి క్రింద పెక్కు దృశ్యములను చిత్రించెను. మనకు తొలి పూర్తి వర్ణచిత్రమైన లవకుశ వచ్చినది 1963లో. మరుసటి యేటనే అచట ఒక దర్శకుడు రంగును భయమునకు సాధనముగా వాడుకొనుచుండెనన్న మాట. అయినను రేడియో వినువారికి ఆ చిత్రమున ఎక్కువ నచ్చునది సంగీతము. తోరు తకెమిత్సు అను స్వరకర్త కొయ్య చీలిన చప్పుడు మొదలగు ధ్వనులను వాద్యముల స్థానమున నిలిపి, వాని నడుమ దీర్ఘమైన నిశ్శబ్దమును ఉంచెను. నల్లని కురుల కథలో భర్త భయముతో పరుగిడునప్పుడు మనము చూచుదానికిని వినుదానికిని పొంతన కుదరదు. ఆ పొంతన లేమియే మేను జలదరింపజేయును.

మా వాదములన్నియు హోయిచి కథ చుట్టునే తిరిగినవి. కనుక దానిని క్లుప్తముగా చెప్పుదుము. 1185లో దన్‌నోఉర అను సముద్రసంధిలో తైరా, మినమొతో వంశముల నడుమ తుదియుద్ధము జరిగెను. తైరా వంశము నశించెను. బాలచక్రవర్తి అంతోకు అమ్మమ్మతో కూడ కడలిలో మునిగి మరణించెను. హోయిచి అను అంధగాయకుడు ఆ యుద్ధగాథను బివా అను తంత్రీవాద్యముపై పాడుటలో దిట్ట. అతడు ఆ రేవునగల ఆలయమున వసించుచుండెను. ఒక రాత్రి కవచధారియైన భటుడొకడు వచ్చి తన ప్రభువు ఎదుట పాడుటకు అతనిని గొనిపోయెను. విని కన్నీరు కార్చిన ఆ సభాసదులందరు చనిపోయిన తైరాలే. హోయిచి పాడినది శ్మశానమున. సంగతి తెలిసి గురువు అతని ఒడలెల్ల పవిత్రసూత్రమును వ్రాయించి, పిలిచినను పలుకవలదని చెప్పెను. భటునికి సూత్రము వ్రాసిన దేహము కనుపింపలేదు. వ్రాయుట మరచిన రెండు చెవులు మాత్రము గాలిలో కనుపించెను. ప్రభువు ఆజ్ఞను పాలించితినని చూపుటకు వానినే పెరికి కొనిపోయెను.

సూత్రము వ్రాయు ఘట్టమును మేము ఆపి, వెనుకకు త్రిప్పి మూడు మారులు చూచితిమి. చెవులు ఎవరు మరచిరి? మాలో ఒకరు శిష్యుని తప్పనిరి. మరియొకరు, చెవుల పని శిష్యునికి అప్పగించి సరిచూచుకొనకుండుట తన తప్పేయని హెర్న్ కథలో గురువే ఒప్పుకొనునని చదివి చూపిరి. ఇంకొకరు దయ్యము పక్షమున వాదించిరి. ఆ భటుడు క్రూరుడు కాడు, చచ్చియు ప్రభువు మాట జవదాటని సేవకుడు అని వారి మాట. మాలో పెద్దవారు ఒకరు ఒక్క ప్రశ్న వేసిరి. చచ్చిన తైరాలు గాయకునినే ఏల పిలిపించుకొనిరి? వారికి ధనము అక్కరలేదు, రాజ్యము అక్కరలేదు. తమ మరణగాథను ఎవరైన పాడగా వినవలెనని మాత్రమే కోరిరి. అది విన్న పిమ్మట ఆ కథలోని భయము మాకు జాలిగా మారెను.

ఆ ప్రశ్న వెంబడి మేము పలనాడు చేరితిమి. దన్‌నోఉర యుద్ధమునకు సమకాలమున, 1182 ప్రాంతమున జరిగినదని చెప్పబడు పలనాటి యుద్ధమున బ్రహ్మనాయని పక్షమునను, నాయకురాలు నాగమ్మ పక్షమునను వీరులు కారెంపూడి రణక్షేత్రమున కూలిరి. జపానున అంధగాయకులు తైరా గాథను పాడినట్లే ఇచట వీరవిద్యావంతులు పలనాటి వీరుల కథను తరతరములుగా పాడుచున్నారు. శ్రీనాథుని పేరిట నున్న పలనాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతము 1911లో అచ్చు వేయించిరి. నోటి గాథ మాత్రము సంఘమున అట్టడుగున నిలుపబడిన వర్గముల గాయకుల యొద్దనే నిలిచెను. కార్తిక అమావాస్యతో మొదలై ఐదు దినములు కారెంపూడిలో వీరారాధన జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినముల పేర్లు. సంక్రాంతి కోడిపందెములకు పేరుపొందిన కోనసీమవారికి కోడిపోరు అను మాట చెవిన బడగనే మనస్సు చివుక్కుమనును. ఒక పందెము ఎంతమంది ప్రాణములు తీసెనో ఆ కథ చెప్పును.

రెండు దేశముల నడుమ ఒక భేదమును మేము గుర్తించితిమి. హోయిచి కథలో చచ్చిన వీరులు గాయకుని చాటుగా, చీకటిలో పిలుతురు. పలనాటిలో బ్రతికినవారే యేటేట వీరులను పిలిచి, వారి ఆయుధములకు పూజచేసి, వారి కథను బహిరంగముగా వినిపింతురు. మరచినవారిని చచ్చినవారు వెదకుకొని వత్తురు. మరువనివారి యొద్దకు అతిథులుగా వత్తురు. మా పెద్దవారి ప్రశ్నకు ఇంతకంటె మంచి సమాధానము మాకు దొరకలేదు.

మరియొక సంబంధము ఇంకను ఆశ్చర్యకరము. హోయిచి దేహముపై వ్రాసినది ప్రజ్ఞాపారమితా హృదయసూత్రము. జపానున పఠించునది హ్యూయన్‌త్సాంగ్ పేరిట నున్న చీనా అనువాదముపై ఆధారపడిన పాఠము. ఆ యాత్రికుడు 7వ శతాబ్దిలో మన ఆంధ్రదేశమునకు వచ్చి, ధాన్యకటకమున కొన్ని మాసములు నిలిచి శాస్త్రము అభ్యసించెను. ప్రజ్ఞాపారమితలను నాగలోకమునుండి తెచ్చెనని ఐతిహ్యము చెప్పు ఆచార్య నాగార్జునుని పేరు మోయు కొండ పలనాటిలోనే కలదు. ఆ సూత్రము కన్ను, చెవి, ముక్కు మొదలగు ఇంద్రియములను లెక్కించి, పరమార్థమున అవి లేవని చెప్పును. చెవి లేదని చెప్పు సూత్రమును వ్రాయునప్పుడే చెవులను మరచుట ఎంతటి విచిత్రము! జపాను దయ్యపు కథలో కనుపించిన అక్షరముల వెనుక కృష్ణాతీరము ఉండునని డిస్కు పెట్టునప్పుడు మేము ఊహింపలేదు.

తుదకు, ఈ చిత్రమునకే కలిగిన ఒక నష్టమును చెప్పవలెను. కొబయాషి తీసిన మూలపాఠము 183 నిమిషములు. కాన్ ఉత్సవము కొరకు దానిని 161 నిమిషములకు కుదించిరి. అమెరికాలో విడుదల చేసినప్పుడు హిమకాంత కథ నంతయు కోసివైచిరి. అచట హాలులో చూచినవారు మూడు కథల చిత్రమునే క్వైదాన్ అనుకొని యుందురు. తప్పిపోయిన భాగములు ప్రేక్షకులకు తిరిగి చేరుటకు ఇంటి వీడియోయే దారి చూపెను. క్రైటీరియన్ సంస్థ 2015లో మూలపాఠమును పునరుద్ధరించి డిస్కుపై వెలువరించెను. పాత చిత్రములను ప్రేమించి, ఏ ప్రతిలో ఏ దృశ్యము లోపించినదో పోల్చి చూచి చెప్పుకొను ప్రేక్షకులు ఉన్నందుననే ఇట్టి ప్రచురణలకు గిరాకి ఉండును.

మన స్థితి ఏమి? 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద ప్రతి నేడు లభ్యము కాదు. దానిని చూచినవారు ఇంచుమించు అందరును గతించిరి. ఏ దృశ్యము లోపించినదో చెప్పుకొనుటకు కూడ మనకు ఆధారము లేదు. పలనాటి గాథకు కొంత మేలు జరిగెను. అలిశెట్టి గాలెయ్య అను గాయకుడు పాడినదానిని అమెరికా పండితుడు జీన్ రోఘైర్ ధ్వనిముద్రణ చేసి, ఆంగ్లమున అనువదించి, 1982లో గ్రంథముగా ప్రకటించెను. హెర్న్ జపాను కథలకు చేసిన ఉపకారము వంటిదే ఇది. రెండు చోట్లను పరదేశి చెవియొగ్గి వినవలసి వచ్చినది.

నేడు ప్రతి ఇంట సెల్‌ఫోను కలదు. నాటి డెక్కు చేయలేని పనిని అది చేయును. మాటను, పాటను ముద్రించి దాచును. మన ఇండ్లలోని అవ్వలకు లంకల దయ్యముల కథలు, గోదావరి వరదలనాటి కథలు ఇంకను జ్ఞాపకమున్నవి. వారు చెప్పునప్పుడు కథతోపాటు, చెప్పినవారి పేరు, ఊరు, ఎవరివలన వినిరో కూడ ముద్రింపవలెను. గాయకుని ఒడలెల్ల వ్రాసి చెవులు విడిచిన గురువు చేసిన పొరపాటు అట్టి చిన్న వివరముననే జరుగును. రాబోవు కార్తికమున కారెంపూడి పోదలచినవారు రాత్రి కథ మొదలగు వేళకే చేరి, గాయకుల దగ్గరగా కూర్చుండుట మంచిది.