లివర్ బయాప్సీ రిపోర్టులో ‘హెచ్‌ఎస్‌పి-70 పాజిటివ్’ అంటే ఏమిటి?

కాలేయంలో గడ్డ కనబడి బయాప్సీ చేయిస్తే, రిపోర్టులో ఒక్కోసారి ‘హెచ్‌ఎస్‌పి-70 పాజిటివ్’ అని రాసి ఉంటుంది. హెచ్‌ఎస్‌పి అంటే హీట్ షాక్ ప్రొటీన్. ఇళ్లలో ‘ఒంట్లో వేడి చేసింది’ అంటామే, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మజ్జిగ, సబ్జా గింజలతో తగ్గేది కాదు.

1962లో ఇటలీ శాస్త్రవేత్త ఫెరూచియో రితోసా, వేడి తగిలిన పండ్ల ఈగల కణాల్లో క్రోమోజోములు కొన్నిచోట్ల ఉబ్బడం గమనించారు. అక్కడి జన్యువులు తయారుచేసే ప్రొటీన్లకే తర్వాత ఈ పేరు వచ్చింది. వేడి ఒక్కటే కాదు, ఆక్సిజన్ తగ్గినా, విషపదార్థాలు తగిలినా ఇవి పెరుగుతాయి. కణంలో ప్రతి ప్రొటీన్ సరైన ఆకారంలో మడతపడితేనే పనిచేస్తుంది. ఆ మడత చెడిపోకుండా చూసేవి, చెడితే సరిచేసేవి ఇవే. అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ ఇవి కావాల్సిందే.

చిక్కు క్యాన్సర్ దగ్గర వస్తుంది. అడ్డూఅదుపూ లేకుండా పెరిగే క్యాన్సర్ కణానికి ఆక్సిజన్ చాలదు, లోపల ప్రొటీన్లు దెబ్బతింటుంటాయి. అలాంటి కణం మామూలుగా చచ్చిపోవాలి. హెచ్‌ఎస్‌పి-70 దాన్ని చావనివ్వదు. హెచ్‌ఎస్‌పి-90 అయితే, ‘పెరుగు’ అని సంకేతాలిచ్చే ప్రొటీన్లను నిలబెడుతుంది. ఇంటి కాపలాదారే దొంగకూ కాపలా కాసినట్టన్నమాట.

డాక్టర్లకు ఇదే ఒక ఆధారమైంది. సిర్రోసిస్ ఉన్న కాలేయంలో చిన్న గడ్డ క్యాన్సరా, దానికి ముందు దశా అన్నది మైక్రోస్కోప్‌లో చూసినా తేల్చడం కష్టం. అప్పుడు బయాప్సీ ముక్కలో హెచ్‌ఎస్‌పి-70, గ్లిపికాన్-3, గ్లుటమిన్ సింథటేజ్ అనే మూడింటిని చూస్తారు. కనీసం రెండు పాజిటివ్ వస్తే అది క్యాన్సరేనని బలంగా అనుమానిస్తారు. ఒక్కటే వస్తే అవుననీ కాదనీ చెప్పలేరు. మిగతా పరీక్షలతో కలిపి చూడాల్సిందే.

చికిత్స సంగతి వేరు. హెచ్‌ఎస్‌పి-90ను అడ్డుకునే మందులపై ప్రయోగాలు జరిగినా, కాలేయ క్యాన్సర్‌కు ఆమోదం పొందిన మందు అందులో ఇంకా లేదు. ఆ పేరు చెప్పి ఎవరైనా పొడులు, క్యాప్సూళ్లు అమ్మితే డబ్బు దండగే.

మనవాళ్లలో ఇంకో నమ్మకం ఉంది, మందు ముట్టని వాళ్లకు లివర్ జబ్బు రాదని. అది తప్పు. హెపటైటిస్-బి, సి వైరస్‌లు, షుగర్, ఊబకాయంతో వచ్చే ఫ్యాటీ లివర్ కూడా క్యాన్సర్ దాకా తీసుకెళ్లగలవు. హెపటైటిస్-బి టీకా మొదటి డోసు బిడ్డ పుట్టిన 24 గంటల్లోపే వేయించాలి. సిర్రోసిస్ ఉన్నవాళ్లు, నొప్పి లేకపోయినా సరే, ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తీయించుకోవాలి.