పడమటి గాలి తిరిగితే

మే నెలాఖరు, మధ్యాహ్నం రెండు గంటలు. పల్నాడులో గురజాల నుంచి మాచర్ల పోయే దారిలో రెంటచింతల దగ్గర బస్సు దిగారు మీరు. పట్టుమని పదడుగులు వేయకముందే పెదవులు ఎండిపోయాయి. ఒంటిమీద చెమట జాడే లేదు; పట్టిన చెమటను పట్టినట్టే గాలి తాగేస్తోంది. టీకొట్టు ముందు నాపరాళ్ల అరుగు మీద చెయ్యి ఆనించబోయి చటుక్కున వెనక్కి తీసుకున్నారు.

“తలకు గుడ్డ చుట్టుకో నాయనా, పడమటి గాలి తిరిగింది,” అంటూ కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది ఒక అవ్వ.

ఆ గాలికి ఎదురుగా నిలబడండి. రాజస్థాన్ వైపు నుంచి మధ్యప్రదేశ్, విదర్భ, తెలంగాణల మీదుగా ఎండిన నేలనే ఒరుసుకుంటూ వచ్చింది. పైగా దిగుతూ వచ్చింది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంటే, ఈ ఊరు 100 మీటర్లకు అటూ ఇటూగా ఉంది. పొడిగాలి 100 మీటర్లు కిందికి దిగితే ఒత్తిడికి సుమారు ఒక డిగ్రీ వేడెక్కుతుంది. పీఠభూమి దిగినందుకే మూడు నాలుగు డిగ్రీలు పెరిగిందన్నమాట! ఆకాశంలో అధిక పీడనం తిష్ఠ వేసిందంటే పైనున్న గాలి కూడా కిందికి అణిగి, మబ్బు పుట్టనివ్వదు.

ఇదే ఎండ బాపట్లలోనూ కాస్తోంది. అక్కడ మధ్యాహ్నానికల్లా సముద్రపు గాలి అందుకుంటుంది. ఇక్కడికి చేరాలంటే అది 100 కిలోమీటర్లకు పైగా రావాలి, పడమటి గాలిని నెట్టుకుంటూ రావాలి.

వాతావరణ శాఖ ఈ ఊళ్లో కొలిచే వేడి తెల్లరంగు చెక్కపెట్టెలో, నీడన నమోదయ్యేది. 45 డిగ్రీలంటే నీడలో 45. మీ చెయ్యి చుర్రుమనిపించిన నాపరాయి అంతకు మించి కాగి ఉంది. మిర్చి, పత్తి తీసేసిన చేలు బీటలు వారాయి; ఆరబెట్టడానికి తడి లేని నేల మీద పడ్డ ఎండంతా నేలనూ గాలినీ కాచడానికే సరిపోతోంది.

టీకొట్టు టీవీలో వార్తలు: బంగాళాఖాతంలో తుఫాను, మయన్మార్ వైపు మళ్లుతోందట. “గండం తప్పింది” అన్నారెవరో. నాకు మాత్రం అక్కడే భయం. 2003 మేలో ఇలాగే ఒక తుఫాను మన తీరానికి రాకుండా మయన్మార్‌కు పోయింది. పోతూ పోతూ తేమను లాక్కుపోయింది; వాయవ్యపు పొడిగాలులు మన మీదికి వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. ఎండలో నిలబడితే తప్ప పూట గడవనివాళ్లు వాళ్లలో ఎందరో. తుఫాను దారి మళ్లిందన్న కబురు వచ్చిన సాయంత్రమే పల్నాటి ఊళ్లలో చాటింపు వేయించాలి: రేపటి నుంచి పది గంటలకల్లా పనులు ఆపండి, ముసలివాళ్లను ఒంటరిగా వదలకండి అని.