షోలాపుర నేతపేటలు - హృదయకవాట చికిత్సల వ్యయలాభములు

షోలాపురమున 1877లో తొలి నూలుమిల్లు వెలసిన నాటినుండి నేటి మరమగ్గముల కాలము వఱకును ఆ నగరపు తూర్పు పేటలకు జీవము పోసినవారిలో తెలంగాణమునుండి వలసవచ్చిన పద్మశాలీలు ముఖ్యులు. పురుషులు చద్దరులు, తువాళ్లు నేయుచుండ, స్త్రీలు ఇంటనే బీడీలు చుట్టుచు సంసారమును నడుపుకొనిరి. ఇరువురికిని పనినిబట్టియే కూలి. చేయి ఆగిన దినమున కూలియు ఆగును. కావున హృదయకవాటము చెడినపుడు ఏ చికిత్స చౌక యను ప్రశ్నను వైద్యశాల చీటినిబట్టి మాత్రమే ఇచట తేల్చరాదు.

కవాటము ముఖ్యముగా రెండు విధముల చెడును. ఇఱుకిండ్లలో సులభముగా వ్యాపించు గొంతునొప్పి వెంట వచ్చు రుమాటిక్ జ్వరము యౌవనముననే మిట్రల్ కవాటమును బిగదీయును. వార్ధక్యమున బృహద్ధమని కవాటము సున్నము పట్టి గట్టిపడును.

1960లో అమెరికాలో ఆల్బర్ట్ స్టార్ మిట్రల్ స్థానమున కృత్రిమ కవాటము నమర్చి కృతకృత్యుడయ్యెను. విదేశీ కవాటముల వెల మన బీదలకు అందనిదై యుండగా, తిరువనంతపురమునందలి శ్రీ చిత్ర సంస్థలో వలియత్తాన్ బృందము స్వదేశీ కవాటమును రూపొందించి 1990 డిసెంబరులో తొలిసారి రోగికి అమర్చెను. అయినను రొమ్మెముక అతుకుటకు రెండు మూడు నెలలు పట్టును. యంత్రకవాటము గలవారు ఆజీవనము వార్ఫరిన్ మాత్ర వాడుచు, రక్తపరీక్ష చేయించుకొనుచుండవలెను. గర్భిణులకు ఆ మందు వలన శిశువునకు హాని కలుగవచ్చును.

2002 ఏప్రిల్ 16న ఫ్రాన్సులో ఆలాన్ క్రిబియే రొమ్ము కోయకయే, గజ్జలోని రక్తనాళముగుండా కాథెటరును పంపి బృహద్ధమని కవాటము నమర్చెను. రోగి కొలది దినములలో ఇల్లు చేరుటయే దీని గొప్ప లాభము. కాని జంతుకణజాలముతో చేసిన ఆ కవాటము యువకులలో దశాబ్దములు మన్నునని ఇంకను నిరూపితము కాలేదు. 2018లో స్వదేశీ రకమునకు అనుమతి లభించినను చికిత్సావ్యయము పది లక్షల రూపాయలు దాటుట సాధారణము.

2012 జూలై 2న మహారాష్ట్రలో ఎనిమిది జిల్లాలయందు ఆరంభమైన ఉచిత వైద్య పథకమున షోలాపురమొకటి. కుటుంబమునకు నాడు ఏటికి లక్షన్నర వఱకు రక్షణ కల్పించిన ఆ పథకమువలన శస్త్రచికిత్స బీదలకు అందుబాటయ్యెను. కాని ఆగిన మగ్గపు కూలిని తీర్చువారు లేరైరి.

కావున వృద్ధునకు కాథెటరు పద్ధతి మేలైనను దాని వెల భారము. యువతికి బిగిసిన మిట్రల్ కవాటము మిక్కిలి చెడనిచో, జపానుదేశీయుడు ఇనోవే 1980ల ఆరంభమున ప్రవేశపెట్టిన బుడగ పద్ధతిచే దానిని విప్పి సొంత కవాటమునే నిలుపుట ఉత్తమము. అది పనికిరానపుడే మార్పిడి. అన్నిటికంటె స్వల్పవ్యయము, రుమాటిక్ జ్వరము వచ్చిన బాలలకు మూడు నాలుగు వారముల కొకమారు పెనిసిలిను సూదిమందు తప్పక వేయించుట. నేతపేటల సంఘములు ఈ యొక్క పనికి పూనుకొన్నచో అనేక గృహములు ఈ వ్యయమునుండి తప్పించుకొనగలవు.