డార్విన్ బల్లమీది తీగలు

కుండీలో తీగమొక్కను పెంచదలచినపుడు మనము సామాన్యముగా పూల రంగునో, వాసననో చూచి మొక్కను ఎన్నుకొందుము. ఒక నున్నని, లావైన గొట్టమును ప్రక్కన పాతుదుము. కొన్నాళ్ళకు తీగ నేలకు వ్రాలును. మనము మొక్కను నిందింతుము. కాని తప్పు మొక్కది కాదు. అది ఏ విధముగా ప్రాకునో మనము ముందుగా విచారింపలేదు. ఈ ప్రశ్నకు సమాధానమును కుండీలలోని మొక్కలనుండియే రాబట్టిన శాస్త్రజ్ఞుడు చార్లెస్ డార్విన్.

1858లో అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు ఆసా గ్రే నులితీగల కదలికను గూర్చి ఒక చిన్న వ్యాసము ప్రకటించెను. దానిని చదివిన డార్విన్‌కు ఈ విషయమున ఆసక్తి కలిగెను. గ్రే అతనికి గుమ్మడి కుటుంబమునకు చెందిన ఎకినోసిస్టిస్ అను తీగ విత్తనములను పంపెను. డార్విన్ 1859లో ‘జాతుల పుట్టుక’ను ప్రకటించి ప్రపంచ ప్రసిద్ధుడయ్యెను గాని, అతని ఆరోగ్యము మాత్రము ఎన్నడును సరిగా ఉండెడిది కాదు. ఇంగ్లండులోని డౌన్ గ్రామమున తన ఇంటిలో పలుమార్లు గది దాటలేని స్థితిలో ఉండెడివాడు. అడవికి పోలేని శాస్త్రజ్ఞునికి కుండీలే అడవి అయ్యెను.

అట్లు జబ్బుతో ఉన్న రోజులలో అతడు హాప్ అను తీగను కుండీలో పెట్టి, వెచ్చని గదిలో రాత్రింబగళ్ళు కనిపెట్టి చూచెను. తీగను పుల్లకు కట్టివేసి, చివరనున్న ఒక లేత కణుపు నడిమిని మాత్రము స్వేచ్ఛగా వదలెను. దాని పొడవు 1¾ అంగుళములు. అది మెల్లగా వంగి గడియారపు ముల్లువలె గుండ్రముగా తిరుగసాగెను. 37 చుట్లు తిరిగి, ముదిరిన పిమ్మట నిటారుగా నిలిచి కదలిక మానెను. వేడి దినములలో హాప్ తీగ ఒక చుట్టునకు సగటున 2 గంటల 8 నిమిషములు తీసికొనెను. ఎకినోసిస్టిస్‌కు 1 గంట 40 నిమిషములే చాలెను.

సెరొపీజియా అను మరియొక తీగ కుండీని అతడు తన చదువుబల్లమీదనే ఉంచెను. దాని కొమ్మ 31 అంగుళములు సాగి, 5 అడుగులకు మించిన వ్యాసముగల వృత్తమును గీయుచు, ఆధారమును వెదకుచుండెను. కొన గంటకు 32, 33 అంగుళముల దూరము పోయెను!

తీగ తన్ను తాను మెలిపెట్టుకొనుటవలన ఈ తిరుగుడు కలుగుచున్నదా? కాండముమీద రంగుగీత గీసి చూచినచో, ఆ గీత మొదట వంపునకు వెలుపలివైపున, తరువాత ప్రక్కకు, పిమ్మట లోపలివైపున కనబడును. అనగా కాండము మెలితిరుగుట లేదు. వంగెడి దిక్కు మాత్రమే మారుచున్నది. కాండము చుట్టును పెరుగుదల ఒకేమారు సమానముగా సాగకపోవుటయే దీనికి కారణమని తరువాత తేలినది. ఈ తిరుగుడును పామ్, మోల్ అనువారు 1827లోనే గమనించియుండిరని డార్విన్‌కు ఆలస్యముగా తెలిసెను. ఆ సంగతిని దాచక తన రచనలో చెప్పెను. నూరుకు పైగా జాతులను పరిశీలించి, అతడు తన ఫలితములను 1865లో లిన్నియన్ సొసైటీ పత్రికలోను, 1875లో ప్రత్యేక గ్రంథముగాను ప్రకటించెను.

ఎగబ్రాకు మొక్కలను డార్విన్ నాలుగు తరగతులుగా విభజించెను. ఆ విభజన నేటికిని కుండీ పెంచువారికి మార్గదర్శకమే. మొదటివి కాండముతో చుట్టుకొనునవి. మన చిక్కుడు, శంఖుపుష్పము, తీగబచ్చలి ఇట్టివి. వీనికి సన్నని నిలువు కర్ర చాలును. రెండవవి తాకిడిని గుర్తించు అవయవములు కలవి. కాకర, దొండ నులితీగలతో పట్టుకొనును. వీనికి దారములో, సన్నని పుల్లలో కావలెను. నాభి తన ఆకుల కొనలతోనే పట్టుకొనును. అయితే నాభి దుంపతో సహా విషమొక్క. పాఠశాలలో పెంచకుండుటయే మేలు. మూడవవి కొక్కెములతో ప్రాకునవి. ముండ్లతో ఇతర మొక్కలపైకి ఎక్కెడి కాగితపు పూలమొక్కను ఈ కోవలో చేర్చవచ్చును. దీనిని మనమే ఆధారమునకు కట్టవలెను. నాలుగవవి వేళ్ళతో అంటుకొనునవి. మిరియపు తీగకును తమలపాకు తీగకును కొబ్బరిపీచు చుట్టిన కర్ర అనుకూలము. పీచును తడిగా ఉంచవలెను.

ఉపాధ్యాయులు ఒక కుండీలో చిక్కుడు గింజ నాటించి, తీగ సాగిన పిదప కుండీ చుట్టును గడియారమువలె అంకెలు వ్రాసిన కాగితమును పరపించవచ్చును. కొన ఏ అంకెవైపు ఉన్నదో విద్యార్థులు పావుగంట కొకసారి గుర్తింపవలెను. కదలదని మనము తలచెడి మొక్క వారి కన్నుల ఎదుటనే ఆధారమునకై చేయి చాచును. ఒక రోగి తన గదిలో ఒక కుండీతోను, గడియారముతోను, ఓర్పుతోను సాధించిన ఈ పని మన తరగతి గదిలో మాత్రము ఏల సాధ్యము కాదు?